మంచు మీద వినబడిన పాట



కష్టములో ఉన్నవానికి పాటలెందుకు, నవ్వులెందుకు అని మనలో కొందరు అనుకొనుట కలదు. పొట్టకూటికై ఊరు విడిచి, పరాయి భాష మధ్య స్థిరపడిన మన పెద్దలు పిల్లలకు ముందుగా నేర్పినది పొదుపు. అది తప్పు కాదు. అయితే మూట తేలిక చేసికొనవలసి వచ్చినప్పుడు దేనిని పారవేయవలెను, దేనిని ఉంచుకొనవలెను? ఈ పాఠములో ఒక నిజమైన సంగతి ద్వారా దీనిని ఆలోచింతము.

ఐర్లండులో పుట్టిన ఎర్నెస్ట్ షాకల్టన్ అంటార్కిటికా ఖండమును ఈ తీరమునుండి ఆ తీరమునకు దాటవలెనని 1914లో 'ఎండ్యూరెన్స్' అను ఓడలో బయలుదేరెను. ఓడలో 28 మంది. 1915 జనవరిలో ఓడ సముద్రపు మంచులో చిక్కుకొనెను. ఆ చలికాలములో రెండు నెలలకు పైగా వారికి సూర్యుడే కనబడలేదు. ఆ చీకటిలో వారు తలలు గొరిగించుకొని ఒకరినొకరు చూచి నవ్వుకొనిరి. జూన్ 22న వేషములు వేసి, పాటలు పాడి, ప్రహసనములు ఆడిరి.

అక్టోబరు 27న, మంచు ఒత్తిడికి ఓడ నలిగిపోగా, అందరు మంచుగడ్డ మీదికి దిగవలసి వచ్చెను. ఒక్కొక్కరు ఒక కిలోకు లోపు సొంత సామాను మాత్రమే ఉంచుకొనవలెనని నియమము. షాకల్టన్ తానే ముందుగా కొన్ని బంగారు నాణెములను మంచు మీద పారవేసెను. రాణి అలెగ్జాండ్రా ఇచ్చిన బైబిలును సహితము అక్కడ విడిచెను. ఇది చదివినప్పుడు మాకు బాధ కలిగినది. అయితే 23వ కీర్తన ఉన్న పుటను, యోబు గ్రంథములో మంచును గూర్చి చెప్పిన పుటను చించి తనతో ఉంచుకొనెనని తెలిసి ఆ బాధ కొంత తగ్గినది.

వాతావరణ పరిశీలకుడైన లెనార్డ్ హస్సీకి ఒక బాంజో ఉండెను. అది మాండొలిన్ వలె మీటి వాయించు తంతివాద్యము. దాని బరువు 5 కిలోలకు పైగా. నియమము చొప్పున అది మంచు పాలు కావలసినదే. షాకల్టన్ మాత్రము అది మనస్సుకు ఔషధము వంటిదని చెప్పి, తప్పక తీసికొని రమ్మనెను.

1916 ఏప్రిల్‌లో వారు పడవలలో ఎలిఫెంట్ దీవి చేరిరి. షాకల్టన్ ఐదుగురితో చిన్న పడవలో, సుమారు 1,300 కిలోమీటర్ల దూరమందున్న సౌత్ జార్జియాకు సహాయము కొరకు వెళ్లెను. మిగిలిన 22 మంది, ఫ్రాంక్ వైల్డ్ నాయకత్వమున, రెండు పడవలను బోర్లించి వాటి క్రింద నాలుగు నెలలు గడిపిరి. సీలు, పెంగ్విన్ మాంసమే ముఖ్య ఆహారము. పెర్స్ బ్లాక్‌బరో అను యువకుని ఎడమకాలి వ్రేళ్లు చలికి చచ్చుబడగా, ఇద్దరు వైద్యులు ఆ పడవల క్రిందనే వాటిని తీసివేసిరి.

అటువంటి చోట ప్రతి శనివారము రాత్రి కచేరి జరిగెను! ఒకరి మీద ఒకరు వేళాకోళపు పాటలు కట్టిరి. ఎవరైన నొచ్చుకొన్నయెడల, మరుసటి వారము వారి మీద మరింత ఘాటైన పాట సిద్ధమయ్యేది. (మన కమిటీ సమావేశములలో ఈ పద్ధతి పనికివచ్చునేమో!) ఇరుకు చోట మాట పెరిగి చేయి చేసికొనుట ఎంత సులువో ఒక్క గదిలో కాపురము చేసిన మనకు తెలియనిది కాదు. అక్కడ కోపము పాటగా మారి, నవ్వుగా బయటికి పోయెను.

మూడు ప్రయత్నములు విఫలమైన తరువాత, 1916 ఆగస్టు 30న షాకల్టన్ 'యెల్చో' అను చిలీ దేశపు ఓడలో వచ్చెను. 22 మందియు సజీవులై ఉండిరి.

బాంజోయే వారిని బ్రదికించెనని మేము చెప్పము. మాంసము దొరికినది, వైద్యులు ఉండిరి, పడవ నడిపినవారికి నేర్పు ఉండెను. అదే యాత్ర నిమిత్తము ఖండమునకు ఆవలి వైపున పనిచేసిన జట్టులో ముగ్గురు మరణించిరి. అయినను బంగారము మంచులో ఉండిపోయినది, బాంజో ఇంగ్లండు చేరినది. నేడు అది గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నది.

వచ్చే కూడికలో చర్చకు: మన పెద్దలు ఊరు విడిచిన నాడు మూటలో ఏమి తెచ్చిరి, ఏమి విడిచిరి? ఏ పాట పాడుకొనిరి? ఇంటిలోని వృద్ధులను అడిగి వ్రాసికొని రండి.