నృత్య రూపకం రాయాలనుకునేవారికి

పద్యం బాగా వచ్చినంత మాత్రాన నృత్య రూపకం రాయడం వచ్చినట్టు కాదు. రూపకంలోని పాటను, అంటే దరువును, గాయకుడు పాడాలి, నర్తకి ఆడాలి, నట్టువాంగం చేసేవారు తాళంలో నిలబెట్టాలి. అందుకే ఈ పనిలోకి రావాలనుకుంటే ముందు ఒక నాట్య గురువును బతిమాలుకుని, సాధన జరిగేచోట ఓ మూల కూర్చోండి. ఆట నేర్చుకోనక్కర్లేదు గానీ ఆదితాళం, మిశ్రచాపు చేత్తో వేస్తూ మీ చరణాన్ని మీరే పాడుకోగలగాలి. రాగం సాగాల్సిన చోట దీర్ఘం పడిందా, ద్విత్వం అడ్డొచ్చిందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఇలా రాసినవారిలో ఎస్వీ భుజంగరాయశర్మ గారు ఒకరు. కావలిలో తెలుగు పాఠాలు చెప్పిన అధ్యాపకులు. కూచిపూడి నాట్య గురువు వెంపటి చినసత్యం గారి కోసం 'క్షీరసాగర మథనం', 'చండాలిక' వంటి రూపకాలు రాశారు. 'చండాలిక'కు పట్రాయని సంగీతరావు గారు సంగీతం కూర్చారు. ఠాగూర్ నాటకం నుంచి వచ్చిన 'చండాలిక' కథ కాసిని మంచినీళ్ల దగ్గర మలుపు తిరుగుతుంది. దాహంతో వచ్చిన బౌద్ధ భిక్షువుకు, ఊరు అంటరానిదన్న పిల్ల నీళ్లు పోయాలి. ఇలాంటి ఘట్టంలో కరుణ, సమత అంటూ సమాసాలు పేరిస్తే నర్తకి చేతులకు పనుండదు. కడవ వంచబోయి ఆగడం, భిక్షువు దోసిలి పట్టడం, పిల్ల ఓ అడుగు వెనక్కి వేయడం మాటల్లోకి రావాలి. సాహిత్యం నాలుగు పాదాలు తగ్గినా నష్టం లేదు, తాళానికి ఆడే జతులకు చోటు వదలండి.

ఇక డబ్బు సంగతి. దీనిమీదే ఇల్లు గడుస్తుందనుకోవద్దు, చేతిలో ఉన్న ఉద్యోగం వదలొద్దు. ఈ రంగంలో పని చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. రూపకం రాయించుకునే గురువుగారిని ఒప్పంద కాగితం అడగడం అమర్యాద అనుకుంటారు. అడగాలి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అమెరికాలోని తెలుగు నాట్య పాఠశాలలు మీ రూపకాన్ని ఆడదలిస్తే ఆ అనుమతి, ప్రతిఫలం విడిగా రాయించుకోండి. యూట్యూబ్‌కూ అంతే. ఆహ్వానపత్రికలో 'రచన' అని మీ పేరు ఉండేలా ఒప్పందంలోనే పెట్టించండి, అచ్చుకు వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.