ఒంటరి గెలాక్సీ, జంట గెలాక్సీ - రేడియోలో తేడా

రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే గరగర హాస్టల్ మిత్రులందరికీ తెలిసిందే. అలాంటి గరగరకు కారణం వెతుకుతూనే అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ, పాలపుంత నుంచి రేడియో తరంగాలు వస్తున్నాయని 1933లో ప్రకటించాడు.

గెలాక్సీలో ఇవి ఎలా పుడతాయి? సూర్యుని కంటే సుమారు ఎనిమిది రెట్లు మించిన బరువున్న నక్షత్రాలు ఎక్కువ కాలం బతకవు, పేలిపోతాయి. ఆ పేలుళ్లలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ మెలికలు తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతాయి. దీన్ని సింక్రోట్రాన్ వికిరణం అంటారు. కనుక కొత్త నక్షత్రాలు ఎక్కువగా పుట్టే చోట రేడియో కూడా ఎక్కువ. ఇది గుర్తుంటే మిగతా పాఠం సులువే.

మరి పక్కన ఇంకో గెలాక్సీ ఉంటే రేడియో పెరుగుతుందా? తేల్చాలంటే పోలికకు పక్కన ఎవరూ లేని గెలాక్సీలు కావాలి. ఎరువు వేసిన మొక్క పక్కన వేయని మొక్కను కూడా పెంచి చూస్తాం కదా, అలాగన్నమాట. సోవియట్ శాస్త్రవేత్తలలో ఇగోర్ కరచెంత్సేవ్ 1972లో 603 జంటల పట్టిక ఇవ్వగా, వాలెంటీనా కరచెంత్సేవా 1973లో వెయ్యికి పైగా ఒంటరి గెలాక్సీల పట్టిక ఇచ్చారు. దగ్గరలో తనతో పోల్చదగిన పరిమాణం గల గెలాక్సీ లేకపోతేనే ఒంటరి అని లెక్క.

జంటలో ఉంటే గెలాక్సీ మొత్తం గట్టిగా పలుకుతుందని మేము మొదట అనుకున్నాం. అది తప్పు. 1981లో హమ్మెల్ సర్పిల గెలాక్సీలను పోల్చి చూస్తే, పళ్లెం లాంటి బయటి భాగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కేంద్రంలో మాత్రం జంటల రేడియో సగటున రెండున్నర రెట్లు ఎక్కువ! పొరుగు గెలాక్సీ ఆకర్షణకు వాయువు తన తిరుగుడు కోల్పోయి నడిమికి జారి, అక్కడే కిక్కిరిసి నక్షత్రాలుగా మారడమే దీనికి ముఖ్య కారణమని భావిస్తారు.

సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం82 దీనికి మంచి ఉదాహరణ. మామూలు ఫొటోలో అది, పొరుగున ఉన్న ఎం81 వేర్వేరుగా కనిపిస్తాయి. 1994లో ప్రచురించిన 21 సెంటీమీటర్ల హైడ్రోజన్ చిత్రంలో మాత్రం రెండింటినీ కలిపే వాయు ధారలు బయటపడ్డాయి. ఎం82 నడిబొడ్డులో పేలిన నక్షత్రాల శేషాలు రేడియోలో పదుల సంఖ్యలో కనిపిస్తాయి.

అలాగని గట్టి రేడియో కనబడితే చాలు, జంట అనుకోకూడదు. సిగ్నస్-ఎను చూసి రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయని 1954లో బాడే, మింకోవ్‌స్కీ అంతటివారే రాశారు. ఆ శక్తి కేంద్రంలోని మహా కృష్ణబిలం నుంచి వస్తోందని తర్వాత తేలింది.