పాత పత్రికల్లోంచి ముఖాలు

ట్రంకుపెట్టె మూత లోపల సినిమా బొమ్మ అంటించుకోనివాళ్ళు మన హాస్టళ్ళలో అరుదు. రకరకాల కాగితాల ముక్కలు కత్తిరించి, ఒకచోట అతికించి కొత్త బొమ్మ చేయడాన్ని కొలాజ్ అంటారు. అమెరికాలో ఈ పనికి పేరుపొందిన నల్లజాతి కళాకారిణి లోర్నా సింప్సన్. 1960లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు.

ఆమె కత్తెర పట్టేది ‘ఎబొనీ’, ‘జెట్’ అనే పాత పత్రికల మీద. జాన్ జాన్సన్ అనే నల్లజాతీయుడు షికాగోలో 1945లో మొదటిదాన్ని, 1951లో రెండోదాన్ని స్థాపించాడు. పెద్ద పత్రికల్లో నల్లవారి ముఖాలు దాదాపు కనబడని రోజులవి. వీటిలో మాత్రం ఫ్యాషన్ దుస్తులు, విగ్గులు, క్రీముల ప్రకటనలన్నిటా వాళ్ళే. అదే ‘జెట్’ 1955లో, మిసిసిపీలో తెల్లవారి చేతుల్లో హతుడైన 14 ఏళ్ళ ఎమ్మెట్ టిల్ శవం ఫొటో కూడా అచ్చువేసింది. సింగారమూ చావూ ఒకే పత్రికలో! ఆ వాక్యం చదివాక మేము కాసేపు ముందుకు పోలేకపోయాం.

సింప్సన్ ఆ ప్రకటనల్లోని స్త్రీల ముఖాలను అలాగే ఉంచి, జుట్టు తీసేస్తారు. ఆ చోట నీటిరంగుల మబ్బులో, పాత భూగర్భశాస్త్ర పుస్తకంలోని స్ఫటికాల బొమ్మలో పెడతారు. ఉంగరాల జుట్టును సాగదీసి నున్నగా చేసుకుంటేనే అందమని నల్లజాతి స్త్రీలకు తరతరాలుగా చెప్పారు కదా, అందుకే జుట్టు దగ్గరే కత్తెర.

వార్షికోత్సవం గోడపత్రికకు మేమూ ఒక కొలాజ్ చేద్దామని పాత వారపత్రికల కట్ట విప్పాం. మా అమ్మల రంగున్న ముఖం ఒక్కటి దొరికేసరికి రాత్రి భోజనం గంట కొట్టారు.