రొయ్యల గుంతలు - కోర్టు - పార్లమెంటు

కృష్ణపట్నంలో రొయ్యల గుంతల సంగతి తెలియనివాళ్ళు లేరు. 1990 తర్వాత నెల్లూరు తీరమంతా గుంతలు తవ్వారు. కొందరికి డబ్బొచ్చింది. కూలివాళ్ళకు పని దొరికింది. చాలా ఊళ్ళలో బావినీళ్ళు ఉప్పగా మారాయి.

తమిళనాడులో ఎస్. జగన్నాథన్ అనే గాంధేయవాది ఉండేవారు. ఆయన 1994లో ఈ గుంతల మీద సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సముద్రపు పోటు గీతనుంచి 500 మీటర్ల లోపల గుంతలు ఉండకూడదు. పులికాట్ సరస్సు చుట్టూ 1000 మీటర్ల లోపలా ఉండకూడదు. ఉన్నవాటిని 1997 మార్చి 31 లోపల తీసేయాలి. పాతకాలపు పద్ధతిలో పెంచేవాళ్ళ జోలికి పోరాదు. పని పోయిన కూలీలకు అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలి.

"కోర్టు చెప్పినాక ఇంకేముంది సారూ? గుంతలన్నీ పూడ్చేసుంటారు గదా?" అని రాత్రిబడిలో ఒక అక్క అడిగింది.

లేదక్కా, అన్నీ పూడ్చలేదు. తీర్పును మళ్ళీ చూడమని చాలామంది కోర్టుకే పోయారు. "ఎన్ని మీటర్లు, ఎన్నేళ్ళ జీతం అని చెప్పడం కోర్టు పనా? అది ప్రభుత్వం పని గదా?" అన్నారు. అయితే తీరంలో 500 మీటర్ల హద్దు కోర్టు పుట్టించింది కాదు. 1991లో కేంద్ర ప్రభుత్వమే రాసింది. రాసినవాళ్ళే పట్టించుకోకపోతే కోర్టు అడగడం సబబే అని నాకు తోస్తుంది. ఆరేళ్ళ జీతం లెక్క మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అక్కడ కోర్టు తన గట్టు దాటిందని అనేవాళ్ళ మాటలోనూ కొంత నిజముంది.

2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర్పు చెల్లదని పార్లమెంటు ఊరికే అనలేదు. అలా అనే హక్కు దానికి లేదు. తీర్పు ఏ నియమం మీద నిలబడిందో ఆ నియమాన్నే మార్చింది. ఆ మార్పు 1991 నుంచే ఉన్నట్టు లెక్క అని కూడా రాసింది. పొలం తగాదాలో పెద్దమనిషి గట్టును చూసి తీర్పు చెబుతాడు. ఇక్కడ గట్టే జరిగింది! కొత్త గుంతలకు 200 మీటర్ల హద్దు పెట్టారు. అప్పటికే ఉన్న గుంతలకు ఆ హద్దు కూడా లేదన్నారు. వాటి పక్కన బావి ఉన్నవాళ్ళ గతి ఏమిటి?

ఈ మాటలు చదవండి, రాయండి: హద్దు, తీర్పు, చట్టం, నియమం.

మీ బావినుంచి దగ్గరి గుంతకు ఎన్ని మీటర్లు? తాడుతో కొలిచి నోటుబుక్కులో రాయండి.