రేకుల గదిలో మృదంగం

మా స్నేహితుడి ఇంటి డాబా మీద ఒక రేకుల గది ఉంది. వాళ్ల అక్క అందులో మృదంగం సాధన చేస్తుంది, వాయించినది రికార్డు చేసి గురువుగారికి పంపుతుంది. మేమంతా ఆ గదిని 'స్టూడియో' అని పిలుస్తాం. ఆ స్టూడియోకు రెండు కష్టాలు. వాన పడితే రేకుల మోతలో మృదంగం వినపడదు. వాన లేకపోతే మృదంగం వీధంతా వినపడుతుంది.

ఒకరోజు పక్కింటి ఆంటీ వచ్చారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. "రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటానమ్మా. నువ్వు బాగానే వాయిస్తావు, కానీ నాకు నిద్ర ఉండటం లేదు" అన్నారు. ఆమె కోప్పడలేదు. అందుకే అక్కకు ఇంకా బాధ వేసింది. మృదంగం మానేస్తానంది. తొమ్మిదో తరగతిలో 'ధ్వని' పాఠం అప్పుడే పూర్తి చేసిన మేము నలుగురం "మానొద్దక్కా, మేము ఉపాయం చెప్తాం" అన్నాం.

మా మొదటి పొరపాటు

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం బయటికి పోదని ఎక్కడో విన్నాం. కిరాణా కొట్ల చుట్టూ తిరిగి అట్టలు పోగుచేసి, ఒక గోడంతా అంటించాం. లోపల మోత కాస్త తగ్గినట్టు అనిపించింది. సంతోషంగా ఆంటీని అడిగితే, "ఏమీ తేడా లేదు నాయనా" అన్నారు.

మా సైన్స్ మాస్టారికి చెబితే ఆయన నవ్వి, "మీరు రెండు వేర్వేరు పనులను ఒకటే అనుకున్నారు" అన్నారు. గదిలో ధ్వని గోడల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెంది మోగుతూ ఉండటం ప్రతినాదం. దాన్ని తగ్గించడానికి మెత్తని వస్తువులు కావాలి. ధ్వని గోడ దాటి బయటికి పోకుండా ఆపడం వేరే పని. దానికి మెత్తదనం చాలదు.

మొదటి పని గురించి మాస్టారు ఒక కథ చెప్పారు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరం కట్టారు. అందులో పలికిన మాట ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఉండటంతో ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు దగ్గర్లోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రివేళ వాటిని పరుస్తూ, ప్రతినాదం ఎంతసేపు ఉందో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. దళసరి పరదాలు, బొంతలు, తివాచీలు ఇలాగే పనిచేస్తాయి. మన గుడ్ల అట్టలు వాటికంటే చాలా బలహీనం. పైగా అవి త్వరగా అంటుకుంటాయి. స్విచ్చులు, వైర్లు ఉన్న గదిలో అది ప్రమాదం. ఆ సాయంత్రమే అన్నీ పీకేశాం.

బరువే అడ్డు

ధ్వని గోడను తాకినప్పుడు గోడ కంపిస్తుంది. ఆ కంపనం అవతలి గాలిని కదిలిస్తుంది. గోడ ఎంత బరువుగా ఉంటే అంత తక్కువ కంపిస్తుంది. ఒక పొర బరువు రెట్టింపయితే, అది ఆపే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేశాం. అర మిల్లీమీటరు ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 4 కిలోలు. 10 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబు దాదాపు 240 కిలోలు. అంటే 60 రెట్లు. నాలుగును ఆరుసార్లు రెట్టింపు చేస్తే 256 వస్తుంది. కాబట్టి శ్లాబుతో పోలిస్తే రేకు ఇంచుమించు 35 డెసిబెల్స్ తక్కువ ఆపుతుంది. ఆ గది గోడలు ఇటుకవే, పూత కూడా ఉంది. అసలు దొంగ పైకప్పే!

పైకప్పు, సందులు

అక్కావాళ్ల నాన్నగారు మా లెక్క చూసి, మేస్త్రీని, వడ్రంగిని పిలిచారు. రేకుల కింద రెండో కప్పు వేయించారు. దాన్ని రేకుల పైపులకు వేలాడదీయలేదు. గోడల మీద కర్ర దూలాలు ఆనించి, వాటికి జిప్సం బోర్డులు రెండు పొరలుగా బిగించారు. రేకు కంపించినా ఆ కంపనం నేరుగా కిందికి దిగకూడదని ఈ జాగ్రత్త. రెండు కప్పుల మధ్య ఖాళీలో రాక్‌వూల్ పరిచారు. బరువైన పొర, మధ్యలో గాలి, మళ్లీ ఒక పొర ఉంటే, ఒకే పొరకంటే బాగా ఆపుతుంది.

వాన మోత విషయంలో మా తాతయ్యల మాట గుర్తొచ్చింది. పూరింట్లో ఎంత వాన పడినా మోత ఉండేది కాదట. చినుకు మెత్తని గడ్డి మీద పడితే కంపనం పుట్టదు. పలుచని రేకు మీద పడితే డోలు మీద కొట్టినట్టే. అందుకే రేకుల పైన తారు షీటు అంటించారు. అది కంపనాన్ని మింగేస్తుంది.

తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది. గోడలో నూరో వంతు ఖాళీ ఉన్నా చాలు, అది ఎంత మంచి గోడ అయినా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద ఒక గడప వేయించారు. మరి గాలి ఎలా? వంపులు తిరిగే గొట్టం పెట్టి, లోపల మెత్తని పొర అతికించారు. గాలి వంపు తిరిగి వస్తుంది, ధ్వని దారిలోనే చాలావరకు అరిగిపోతుంది. అక్క కూర్చునే చోట రబ్బరు మీద చెక్క పలక వేశారు, దెబ్బ శ్లాబులోకి దిగకుండా.

చివరికి ఏమైంది?

మృదంగం పూర్తిగా వినపడకుండా పోలేదు. 'తొప్పి' వైపు గంభీరమైన నాదం ఇంకా కొద్దిగా వస్తుంది. 100 హెర్ట్‌జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు. అంత పొడవు తరంగాన్ని ఆపడం కష్టం. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. కానీ నిద్రపోయే మనిషికి హద్దు అంకెల్లో ఉండదు కదా! అక్క స్వయంగా వెళ్లి ఆంటీని అడిగి, సాధనను సాయంత్రానికి మార్చుకుంది. ఇప్పుడు ఆంటీ డ్యూటీకి బయల్దేరేముందు ఒక్కోసారి డాబా ఎక్కి కాసేపు వింటున్నారు.

మీరూ చేసి చూడండి

ఫోనులో అలారం పెట్టి స్టీలు డబ్బాలో ఉంచండి. మొదట మూత లేకుండా తువ్వాలు మాత్రమే కప్పి వినండి. తర్వాత మూత గట్టిగా పెట్టి వినండి. చివరగా మూతను ఒక పక్క కొంచెం ఎత్తి వినండి. మెత్తదనం ఏం చేస్తుందో, గట్టి గోడ ఏం చేస్తుందో, చిన్న సందు ఎంత పని పాడుచేస్తుందో మీ చెవులే చెబుతాయి.

శబ్దాన్ని ఆపడానికి బరువు, ఖాళీ, సందులేని మూత కావాలని మేము నేర్చుకున్నాం. అవి చాలని చోట పొరుగువారితో ఒక మంచి మాట కావాలని అక్క నేర్పింది.