‘వచ్చే వారం పంపిస్తా’ అన్నంత మాత్రాన గడువు ఆగదు

ఆర్మూర్ వైపు రైతు ఒకాయన పసుపు ఉడకబెట్టే బాయిలర్ కోసం చిన్న వర్క్‌షాపుకు అడ్వాన్సు ఇచ్చాడు. బోధన్‌లో ఒకావిడ ఎంబ్రాయిడరీ మెషీన్‌కు డబ్బు కట్టింది. ఇప్పుడు జక్రాన్‌పల్లి నుంచి ఒక కుర్రాడు కెమెరా కేసు పట్టుకొచ్చాడు. సరుకులు వేరైనా ఫైళ్లన్నీ ఒకే తీరు. తయారుచేసేది ఒక్క మనిషి, డబ్బు ముందే వెళ్లిపోయింది, బిల్లు లేదు, ఫోన్ నిండా ‘వచ్చే వారం పంపిస్తా’ అనే మెసేజ్‌లు. ఈ మెసేజ్‌లు చూసుకుంటూ రెండేళ్లు గడిపేసి, ఆ తర్వాత వకీలు దగ్గరికి వస్తారు. ఇందులో దగాపడటం కంటే గడువు దాటబెట్టుకోవడమే మనవాళ్లను ఎక్కువగా ముంచుతోంది. ఈ వ్యాసంలో ఆ మాట నాలుగైదు సార్లు చెబుతాను, విసుక్కోకండి.

కెమెరా కేసు కొంచెం వింతది కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను. వెనకటికి స్టూడియోలో మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద చెక్కపెట్టె, ముందు లెన్సు, మధ్యలో మడతల తోలుతిత్తి (బెలోస్), వెనక నల్లగుడ్డ కప్పుకున్న ఫొటోగ్రాఫరు ఉండేవారు గుర్తుందా? దాన్నే వ్యూ కెమెరా అంటారు. నిజాం దర్బారు ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలో తీసిన బొమ్మలన్నీ ఈ జాతి కెమెరాలతో తీసినవే. కేరళలోని ఆలప్పుళలో కె. కరుణాకరన్ అనే ఆయన చేసిన వాగీశ్వరి చెక్క కెమెరాలు ఒకప్పుడు దేశమంతటా స్టూడియోలకు వెళ్లాయి. డిజిటల్ వచ్చాక అదంతా అటకెక్కిందనుకున్నాం. అటక మీంచి మళ్లీ దిగుతోంది. ఇంగ్లండ్‌లోని బ్రైటన్ ఊళ్లో ఇంట్రెపిడ్ అనే చిన్న సంస్థ 2014లో జనం దగ్గర ముందుగా డబ్బు సేకరించి ఇలాంటి కెమెరాలు చేయడం మొదలుపెట్టింది. చైనాలో షెన్‌హావో, షమోనీ పేర్లతో చేసేవాళ్లున్నారు. మన దేశంలోనూ టేకు చెక్క, ఇత్తడి బిగింపులతో ఒక్కొక్కటిగా చేసి అమ్మే పనివాళ్లు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వీళ్లంతా మోసగాళ్లని నేననను. ఒక్క మనిషి వడ్రంగం, తోలుపని, ఇత్తడిపని అన్నీ చేస్తుంటే ఆలస్యం కావడం సహజమే. ఆ ఆలస్యాన్ని భరించాలా వద్దా అన్నది మీ ఇష్టం. భరించేటప్పుడు మాత్రం క్యాలెండర్ మీద ఒక కన్ను ఉండాలి.

మా కుర్రాడిది ఫొటోల కుటుంబం. పెళ్లిళ్లకు డిజిటల్‌తోనే వెళ్తాడు. పెద్దవాళ్ల పోర్ట్రెయిట్లు మాత్రం ఫిల్ము మీద తీసి అమ్ముదామని ఆశపడ్డాడు. 2023 దసరాకు 4×5 అంగుళాల కెమెరా ఒకటి, ఫిల్మును వెలుతురు తగలకుండా పట్టి ఉంచే హోల్డర్లు ఆరు కావాలని వేరే రాష్ట్రంలోని ఒక తయారీదారుకు చెప్పి, మొత్తం డబ్బు యూపీఐలో కొట్టేశాడు. అదీ ఆయన సొంత నంబరుకు. బిల్లు ఏదని అడిగితే, “ఆయన బిల్లులియ్యడు సార్, మంచోడే” అన్నాడు. మంచితనం మనసులో ఉంటే నాకేం లాభం తమ్మీ, కాగితం మీద ఉండాలి! బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. బిల్లు అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

ఉగాది నాటికి హోల్డర్లు వచ్చాయి. కెమెరా రాలేదు. కెమెరా లేకుండా హోల్డర్లతో పనేముందని పెట్టె కూడా విప్పకుండా బీరువా మీద పెట్టాడు. ఏడాది దాటాక హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి కెమెరా అరువు తెచ్చి చూసుకుంటే ప్రతి ఫిల్ము మీదా మూల నుంచి నల్లటి చార. తయారీదారుకు ఫోన్ చేస్తే, “ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు? మీరే పాడుచేసి ఉంటారు” అన్నాడు.

ఆ మాట వెనక చట్టం ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 42వ సెక్షన్ చదవండి. సరుకు చేతికొచ్చాక సమంజసమైన సమయం దాటినా తిరస్కరిస్తున్నానని చెప్పకుండా అట్టే పెట్టుకుంటే, కొన్నవాడు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. అలా ఒప్పుకున్నా నష్టపరిహారం అడగవచ్చు. కానీ ‘సరుకు తీసుకో, డబ్బియ్యి’ అనే గట్టి పట్టు సడలిపోతుంది. కాబట్టి పెట్టె వచ్చిన రోజే విప్పండి, విప్పుతూ వీడియో తీయండి, ఆ వారంలోనే పరీక్షించండి. హోల్డరును పరీక్షించడానికి కెమెరా అక్కర్లేదని మావాడికి తర్వాత తెలిసింది. చీకటిగదిలో ఫిల్ముకు బదులు ఫొటో కాగితం ముక్క ఎక్కించి, డార్క్ స్లైడు అనే మూత మూసి, కాసేపు ఎండలో తిప్పుతూ పట్టుకుని, కాగితం కడిగితే చాలు. వెలుతురు చొరబడే చోట నల్లగా తేలుతుంది. స్లైడు దూరే సందులో మఖ్మల్ పట్టీ సరిగా అంటించకపోతే అక్కడే కారుతుంది. ఇంకొకటి లోతు. 4×5 హోల్డరులో ఫిల్ము కూర్చునే లోతు 0.197 అంగుళాలు ఉండాలి, అటూ ఇటూ 0.007 అంగుళం వరకు తేడా ఒప్పుకుంటారు. మిల్లీమీటర్లలో ఆ లోతు సుమారు 5. లోతు తప్పితే కెమెరా వెనక గాజుపలక మీద స్పష్టంగా కనిపించిన మొహం ఫిల్ము మీద మసకగా పడుతుంది. ఆ కొలత ఆర్డరులో రాయించుకుని ఉంటే నా పని సగం తగ్గేది. రాయించుకోలేదు.

ఇప్పుడు అసలు ఉచ్చు దగ్గరికి వద్దాం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి 2019 వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ఇచ్చిన గడువు రెండేళ్లు, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి. ఆ కారణం ఏ రోజు పుట్టింది? మా కేసులో డబ్బు కట్టిన దసరా నుంచే లెక్కపెట్టాలని అవతలి వకీలు అంటాడు. అలా లెక్కపెడితే కుర్రాడు నా దగ్గరికి వచ్చేసరికే గడువు పోయింది. మేం ఇస్తానన్న రోజు నుంచి లెక్కపెట్టాలంటాం. ఆ రోజును పట్టుకోవడానికి ఇద్దరం కూర్చుని అతని వాట్సాప్ మొత్తం తిరగేశాం. ‘టేకు ఆరుతోంది’, ‘బెలోస్ అంటిస్తున్నా’, ‘కొరియర్ సెలవు’, ‘మా ఇంట్లో పెళ్లి’, ‘వచ్చే వారం పక్కా’. వీటి మధ్య ఒకే ఒక్క మెసేజ్ దొరికింది: 2024 జనవరి 15 లోపు కెమెరా పంపిస్తాను. ఆ ఒక్క ముక్క మీదే ఇవాళ కేసు నిలబడింది. లెక్క ప్రకారం గడువు 2026 సంక్రాంతి దాకా. మేం 2025 డిసెంబరులో ఫిర్యాదు వేశాం. దాంతోపాటు ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు కూడా పెట్టాం, ఒకవేళ కమిషన్ దసరా లెక్కే తీసుకుంటే అక్కరకొస్తుందని.

“ఆయన మెసేజ్‌లు పెడుతనే ఉన్నడు కద సార్, టైమెట్ల అయిపోతది?” అని అడిగాడు. అందరూ అడిగే ప్రశ్నే. ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నంత మాత్రాన గడువు సాగదు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ అని మన తెలుగువాళ్ల పొగాకు సంస్థ కేసే ఉంది. 1988లో గోదాము కాలింది. బీమా కంపెనీతో రాతకోతలు నడిచి నడిచి, ఫిర్యాదు 1997లో పడింది. గడువు దాటిందని సుప్రీంకోర్టు 2009లో తేల్చేసింది. తర్వాతెప్పుడో కంపెనీ ఇచ్చిన జవాబుతో గడువు మళ్లీ మొదలు కాదంది. సరుకు ఇవ్వనంత కాలం కారణం కొనసాగుతూనే ఉంటుందని కొందరు వాదిస్తారు. ఇళ్ల కేసుల్లో అది నిలిచిన సందర్భాలున్నాయి. ఒక చెక్క కెమెరా విషయంలో నిలుస్తుందని నమ్ముకుని కూర్చోకండి.

ఎంతవరకు ఆగవచ్చని అడిగితే నేను చెప్పేది ఇది. ఇస్తానన్న తేదీ దాటిన నెలలోపు స్పీడ్ పోస్టులో ఒక నోటీసు, ఈమెయిల్‌లో దాని నకలు పంపండి. అందులో కొత్త తేదీ ఒకటి మీరే పెట్టండి. అదీ దాటితే ఫిర్యాదు వేయండి. వేశాక కూడా రాజీ చేసుకోవచ్చు, దానికెవరూ అడ్డురారు. ‘కేసు వేస్తే ఆయన అలుగుతాడు, అసలుకే కెమెరా చెయ్యడు’ అని భయపడేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్లు ఇప్పటికే దాటిపోయినవాళ్లు పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు. సివిల్ కోర్టులో డబ్బు వాపసు దావాకు మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. కోర్టు ఫీజు తగులుతుంది. ఆ మూడేళ్లు నిండకముందే అవతలివాడు ‘మీకు ఇంత ఇవ్వాలి’ అని రాసి సంతకం పెడితే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. నమస్కారం బొమ్మ పెట్టి ‘సారీ బ్రో’ అని పంపిన మెసేజ్‌ను జడ్జిగారు ఆ రాతగా ఒప్పుకుంటారో లేదో నేను హామీ ఇవ్వలేను.

పోలీసుల గురించి రెండు మాటలు. కుర్రాడు ముందు స్టేషన్‌కే వెళ్లాడు. ‘ఇది సివిల్, మాకు సంబంధం లేదు’ అని కాగితం కూడా తీసుకోకుండా పంపించారు. మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాడు, మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉంటేనే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం. ఆ మేరకు వాళ్లు చెప్పింది సగం నిజమే. కానీ ఆ ఉద్దేశం ఉందో లేదో కాగితం చదవకుండా గుమ్మం దగ్గరే ఎలా తెలిసింది? అదే మనిషి అదే కెమెరా ఫొటో చూపించి పదిమంది దగ్గర వసూలు చేసి ఉంటే? కనీసం దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వడానికి ఏం కష్టమో నాకిప్పటికీ అర్థం కాదు. ఆన్‌లైన్‌లో డబ్బు కొట్టేసిన అసలైన దగా అయితే స్టేషన్ చుట్టూ తిరగకముందే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కు ఫోన్ చేయండి.

స్టూడియో నడిపేవాళ్లకు ఇంకో అనుమానం ఉంటుంది: వ్యాపారానికి కొన్నాను కదా, నేను వినియోగదారుణ్ని అవుతానా? అవతలివాళ్లు మొదట లేవనెత్తే అభ్యంతరం కూడా ఇదే. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే ఉంది. పారమౌంట్ డిజిటల్ కలర్ ల్యాబ్ కేసులో ఫొటో ప్రింటింగ్ మెషీన్ కొన్న భాగస్వాములను స్వయం ఉపాధి కోసం కొన్న వినియోగదారులుగానే 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. ఫిర్యాదులో ‘నా జీవనోపాధి కోసం, నేనే స్వయంగా వాడుకోవడానికి’ అని స్పష్టంగా రాయండి. ఆ వాక్యం లేక వెనక్కి తిరిగొచ్చిన ఫైళ్లు నేను చూశాను.

తయారీదారు కేరళలో ఉన్నా కశ్మీరులో ఉన్నా మీరు నిజామాబాద్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇది. ‘వివాదాలు మా ఊరి కోర్టులోనే’ అని వాళ్ల పేజీలో రాసి ఉన్నా భయపడకండి. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. నోటీసు అందాక జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15, అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. అయితే నోటీసు అందాలంటే చిరునామా ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ పేరు, ఫోన్ నంబరు మాత్రమే తెచ్చి ‘కేసు వేయండి’ అంటే ఎవరి ఇంటికి పంపను? డబ్బు పంపేముందు ఇంటి నంబరుతో సహా చిరునామా అడగండి. ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వకండి.

విదేశీ తయారీదారుకు కట్టినవాళ్లకు ఇక్కడ ఫిర్యాదు వేసే హక్కు ఉన్నా, గెలిచి అక్కడ వసూలు చేయడం తలకు మించిన పని. కార్డుతో కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకుకు చార్జ్‌బ్యాక్ అడగండి. దాని గడువు సాధారణంగా 120 రోజులే, మన రెండేళ్ల కంటే చాలా చిన్నది. సుంకం తగ్గుతుందని పార్సిల్ మీద విలువ తక్కువ రాయించుకున్నారంటే, పెట్టె పగిలి వచ్చినప్పుడు మీ నష్టం కూడా ఆ తక్కువ విలువే అంటారు. కస్టమ్స్ వాళ్ల తలనొప్పి వేరే.

వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు ఆన్‌లో ఉందేమో ఇవాళే చూసుకోండి. ఫోన్ మార్చేముందు ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అది మీ వకీలు చూసుకుంటాడు, కానీ ఫోనే లేకపోతే దేనికని జత చేస్తాడు?

మా కేసులో హోల్డర్ల లోపం నిరూపించాల్సి ఉంది. ఏ ల్యాబ్‌కు పంపాలని కమిషన్ అడుగుతుంది. వ్యూ కెమెరాలు పరీక్షించే ప్రభుత్వ ల్యాబ్ ఒకటుందని నేను వినలేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ విభాగం ఉంది. అక్కడి అధ్యాపకుల చేత కొలిపించి అఫిడవిట్ వేయించాలని అనుకుంటున్నాం.

అదే తయారీదారుకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకొందరు మావాడికి ఫోన్‌లో దొరికారు. అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేద్దామంటున్నారు. కమిషన్ అనుమతితో ఒకే ప్రయోజనం ఉన్నవాళ్లు అలా వేయవచ్చు. కానీ వీళ్లు డబ్బు కట్టిన తేదీలు వేరు, ఇస్తానన్న తేదీలు వేరు, కొందరికి కెమెరా రాలేదు, కొందరికి హోల్డర్లు బాలేవు. విడివిడిగా వేసుకోవడమే మేలని చెప్పాను. వాళ్లలో ఒకాయనకు రెండేళ్లు ఈ నెలాఖరుకే నిండుతున్నాయి. ఆయన ఇంకా ‘పండగ పోనీ, చూద్దాం’ అంటున్నాడట.