పెరుగులో బూజు, ఈస్ట్ – త్వరగా కనిపెట్టడం ఎలా?

పాల సంఘాల సభ్యులకు,

పాలు విరిగితే మనకు వెంటనే తెలుస్తుంది. పెరుగును, వెన్నను, పనీరును చెడగొట్టే బూజు, ఈస్ట్ అలా కాదు. అవి కంటికి కనబడేసరికి సరుకు వాడుకదారుని ఇంటికి చేరిపోతుంది. కనుక వీటిని ముందుగా కనిపెట్టే పద్ధతులను ఈ పాఠంలో వివరిస్తున్నాము.

ఎక్కడ నుండి వస్తాయి?

పాలను 72 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 15 సెకండ్లు వేడిచేసి పాశ్చరైజు చేసినప్పుడు ఇవి సాధారణంగా చనిపోతాయి. ఆ తరువాత గాలి నుండి, సరిగా కడగని పాత్రల నుండి, తడి గోడల నుండి, ప్యాకింగు సామాను నుండి మళ్ళీ చేరతాయి. పెరుగులోని పులుపు చాలా రకాల బాక్టీరియాను అణచివేస్తుంది గాని, వీటిని ఆపలేదు. ఫ్రిజ్ చల్లదనంలో కూడా ఇవి మెల్లగా పెరుగుతాయి.

పరీక్ష ఎలా జరుగుతుంది?

నమూనాను పలుచన చేసి, పోషక పదార్థం గల గాజు పళ్ళెంలో పోసి, 25 డిగ్రీల వద్ద 5 రోజులు ఉంచి, ఏర్పడిన చుక్కలను లెక్కించడం పాత పద్ధతి. ప్యాకెట్టు పెరుగు నిలవ ఉండేదే సుమారు వారం. ఫలితం వచ్చేసరికి పెరుగు చాలావరకు ఖర్చయిపోతుంది. పోషక పదార్థాన్ని ముందే పూసి ఆరబెట్టిన ఫిల్ములు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో త్వరిత రకంపై సుమారు 48 గంటలలోనే లెక్క తెలుస్తుంది. రెండు మూడు రోజులు కలిసి వచ్చినా, చెడిన సరుకును అంగడిలోనే ఆపవచ్చును.

బూత్‌లో మనం చూడవలసినవి

1. ప్యాకెట్టు లేదా కప్పు మూత ఉబ్బిందా? ఈస్ట్ పెరిగితే వాయువు పుడుతుంది.
2. కల్లు వాసన వస్తోందా? కల్లును పులియబెట్టేది కూడా ఈస్టే.
3. పైన తెలుపు, పచ్చ లేక నలుపు మచ్చలున్నాయా? అది బూజు.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సరుకు అమ్మవద్దు. బ్యాచి నంబరు, తేదీ రాసుకొని అదే రోజు డెయిరీకి తెలియజేయండి. ఆ నంబరును బట్టి లోపం ఏ రోజు, ఏ యంత్రం వద్ద జరిగిందో వెదకవచ్చును. మచ్చ తీసివేసి మిగిలిన పెరుగును వాడడం మంచిది కాదు. బూజు పోగులు లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు విషం కూడా పుట్టిస్తాయి.

తిరిగి వచ్చిన ప్రతి ప్యాకెట్టు ఖరీదు చివరకు పాలు పోసిన సభ్యుల బోనసు నుండే తగ్గుతుంది. ఫ్రిజ్‌ను 5 డిగ్రీల లోపు ఉంచండి; ముందు వచ్చిన సరుకును ముందు అమ్మండి; అనుమానం కలిగిన వెంటనే కబురు చేయండి.